దవడ నొప్పికి పళ్ళు అరగదీయించుకునే ముందు

ఎడిటర్ గారికి నమస్కారం,

ఈమధ్య మీ ఆరోగ్యం పేజీలో ఒక ప్రశ్న చూశాను, నోరు తెరిచినప్పుడల్లా చెవి ముందు టక్కుమంటోంది, నొప్పిగా కూడా ఉంటోంది ఏం చెయ్యాలి అని ఒకావిడ అడిగారు. పైపళ్ళు కిందపళ్ళు సరిగ్గా కలవకపోవడమే దీనికి కారణం, ఎత్తుగా ఉన్న పళ్ళు అరగదీయించుకుని అవసరమైతే క్యాపులు వేయించుకుంటే తగ్గిపోతుంది అని జవాబు ఇచ్చారు. అది చదివాక రాయకుండా ఉండలేకపోయాను. అరగదీసిన పన్ను మళ్ళీ పెరగదండీ. దవడ కీలు నొప్పి మాత్రం చాలామందికి పన్ను ముట్టుకోకుండానే తగ్గుతుంది, ఈ రెండు విషయాలు తెలియకుండా ఎవరూ డెంటల్ కుర్చీలో కూర్చోకూడదని నా బాధ.

నేను టీచర్ని, రోజంతా మాట్లాడే పని. కొన్నేళ్ళ కింద కుడి చెవి ముందు నొప్పి మొదలైంది, చెవిపోటేమో అనుకుని ఈఎన్‌టీ డాక్టర్ గారికి చూపిస్తే చెవి శుభ్రంగా ఉంది, మీది దవడ కీలు సమస్యలా ఉంది పళ్ళ డాక్టర్‌ని కలవండి అన్నారు. సరే అని ఒక క్లినిక్‌కి వెళ్తే అక్కడ నోట్లోకి టార్చి వేసి చూసి, మీ బైట్ (పైపళ్ళు కిందపళ్ళు కలిసే తీరు) కరెక్టుగా లేదు, నోరంతా క్యాపులు వేసి ఎత్తు పెంచితే కీలు మీద లోడ్ తగ్గి నొప్పి పోతుంది అని చెప్పేశారు. కీలు మీద వేలు కూడా పెట్టి చూడలేదు, ఎప్పటినుంచి, ఎప్పుడు ఎక్కువవుతుంది, నిద్ర ఎలా పడుతుంది, ఏమీ అడగలేదు. ఇంట్లో మాట్లాడుకుని చెప్తానని వచ్చేసి ఇంకో డెంటిస్ట్ దగ్గరికి వెళ్ళాను.

ఆవిడ చూసిన పద్ధతే వేరు. ఎదురుగా నిలబడి నా రెండు చెవుల ముందు చూపుడు వేళ్ళు ఆనించి మెల్లగా తెరువమ్మా, ముయ్యమ్మా అంటూ టక్కుమనే చోటు పట్టుకున్నారు, చేతికి అద్దం ఇచ్చి చూసుకోమంటే తెరిచేటప్పుడు నా గడ్డం కుడిపక్కకి వంకరపోయి మళ్ళీ మధ్యకి రావడం నాకే కనిపించింది. పై ముందుపన్ను అంచు నుంచి కింద ముందుపన్ను అంచు దాకా నోరు ఎంత తెరుచుకుంటోందో చిన్న స్కేలు పెట్టి కొలిచారు (మామూలుగా పెద్దవాళ్ళకి 40 మిల్లీమీటర్లు, ఆ పైన రావాలట, సుమారుగా మన మూడు వేళ్ళు నిలువుగా పట్టేంత). తర్వాత బుగ్గ మీద, దవడ మూల దగ్గర కండరాన్ని ఒక్కో చోటే నొక్కుకుంటూ వెళ్ళారు, ఒక చోట నొక్కి అలాగే పట్టుకుంటే పై దవడపన్నులోకి జివ్వుమని లాగింది. ఇదేనా మీరు పన్ను నొప్పి అంటున్నది అన్నారు, అచ్చం అదే. పన్ను బాగుందమ్మా, నమిలే కండరంలో నొప్పి పుట్టి పన్నులో ఉన్నట్టు తెలుస్తోంది అని చెప్పారు. ఇది పట్టుకోకపోతే ఏమవుతుందంటే ఆ పన్నుకి రూట్ కెనాల్ చేస్తారు, తగ్గదు, పక్కదానికి చేస్తారు, అదీ తగ్గదు, ఆఖరికి పన్ను పీకించుకుంటారు, నొప్పి ఉన్నచోటే ఉంటుంది. బాగున్న పన్ను పోగొట్టుకోవడం కన్నా అన్యాయం ఏముంటుంది చెప్పండి.

అసలు ఆ కీలు ఎలా పనిచేస్తుందో తెలిస్తే సగం భయం పోతుంది, అందుకే కొంచెం రాస్తున్నా. దవడ కీలు తలుపు బందులాగా ఉన్నచోటే తిరిగేది కాదు, మొదట తిరుగుతుంది, నోరు ఇంకా పెద్దగా తెరిస్తే ముందుకి జారుతుంది కూడా. కింది దవడ ఎముక పైకొనకీ పుర్రె ఎముకకీ మధ్య డిస్క్ అనే పల్చటి మెత్త ఒకటి ఉంటుంది, ఎముకతో పాటు అదీ ముందుకీ వెనక్కీ కదులుతుంది. ఆ డిస్క్ కాస్త ముందుకి జరిగిపోయి ఉంటే నోరు తెరిచేటప్పుడు ఎముక దాని మీదకి ఎక్కుతుంది కదా, ఆ ఎక్కే శబ్దమే టక్కుమనడం. ఒక్కోసారి ఎముక దాని మీదకి ఎక్కలేకపోతుంది, అప్పుడు నోరు సగమే తెరుచుకుంటుంది, దవడ పట్టేసింది అంటామే అది. ఇది కీలు లోపలి సంగతి. కానీ చాలామందిలో నొప్పి కీలులో కన్నా బుగ్గల్లో, కణతల్లో ఉండే నమిలే కండరాల్లోనే ఉంటుంది, అందుకే తలనొప్పి కూడా తోడవుతుంది. టీఎంజే అంటే కీలు పేరు, జబ్బు పేరు టీఎండీ, అందులో కండరాల నొప్పి, డిస్క్ జరగడం, కీళ్ళవాతం అన్నీ వస్తాయి, అందరికీ ఒకే మందు ఉండదు.

నొప్పి లేకుండా ఉత్తినే టక్కుమంటుంటే, నోరు బాగా తెరుచుకుంటుంటే దానికి వైద్యం అక్కర్లేదు. ఈ ముక్క మీ పేపర్లో పెద్ద అక్షరాలతో రావాలి. ఏ నొప్పీ లేని మామూలు మనుషులకి ఎమ్మారై తీసినా సుమారు మూడో వంతు మందిలో డిస్క్ జరిగి కనిపిస్తుంది, వాళ్ళంతా హాయిగా తింటూ మాట్లాడుతూ తిరుగుతున్నవాళ్ళే. అంటే స్కాన్‌లో ఏదో కనిపించింది కాబట్టి సరిచేసెయ్యాలి అన్న మాట నిలబడదు. మనిషికి ఏం బాధగా ఉంది అన్నదే ముందు చూడాలి.

ఇక పళ్ళు సరిగ్గా కలవకపోవడం వల్లే ఇదంతా అన్న మాట ఎక్కడినుంచి వచ్చిందంటే, 1934లో జేమ్స్ కాస్టెన్ అనే అమెరికా చెవి ముక్కు గొంతు డాక్టర్ చెవినొప్పి, కళ్ళు తిరగడం, దవడ నొప్పి ఇవన్నీ పళ్ళు ఊడి దవడ ఎత్తు తగ్గిపోవడం వల్ల వస్తున్నాయని రాశారు. ఆ ఆలోచన పట్టుకుని దశాబ్దాల తరబడి పళ్ళు అరగదీయడం, ఎత్తులు పెంచడం నడిచింది. తర్వాత జరిగిన పరిశోధనల్లో ఆ లింకు బలంగా తేలలేదు. పళ్ళు వంకరగా ఉన్నవాళ్ళలో ఎంతోమందికి దవడ నొప్పి రాదు, చక్కటి పలువరుస ఉన్నవాళ్ళకీ వస్తుంది. ఇప్పుడు చెప్తున్నదేంటంటే కారణం ఒక్కటి కాదు అని, పళ్ళు బిగించే అలవాటు, నిద్రలో పళ్ళు కొరకడం, దెబ్బ తగలడం, నిద్ర సరిగ్గా లేకపోవడం, మనసులో ఒత్తిడి, ఒంట్లో వేరే చోట్ల కూడా నొప్పులు ఉండటం, కీళ్ళ జబ్బులు, ఇవన్నీ కలిసి ఒక్కొక్కరిలో ఒక్కోలా పనిచేస్తాయి. ఎక్కువగా ఆడవాళ్ళకి, అదీ ఇరవైల నుంచి నలభైల మధ్య వయసులో వస్తుంది. టెన్షన్ వల్లే నీకు ఇది అని తీసిపారేసే డాక్టర్లు కూడా ఉన్నారు, అది కూడా తప్పే, ఒత్తిడి పాత్ర ఉంటుంది అంతమాత్రాన నొప్పి లేనిది కాదు, ఆ మాట పడ్డవాళ్ళకి తెలుస్తుంది ఎంత కష్టంగా ఉంటుందో.

తొందరపడి చేసిన వైద్యాల వల్ల జరిగిన నష్టం చిన్నది కాదు. 1980ల్లో అమెరికాలో డిస్క్ తీసేసి ఆ చోట టెఫ్లాన్ కలిపిన ఇంప్లాంట్లు పెట్టారు, అవి లోపల అరిగి ముక్కలై పక్కనున్న ఎముకని తినేశాయి, 1990, 91ల్లో అక్కడ మందులు, వైద్య పరికరాలని నియంత్రించే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరించి వాటిని వెనక్కి రప్పించాల్సొచ్చింది. అప్పటికే పెట్టించుకున్నవాళ్ళు మళ్ళీ మళ్ళీ ఆపరేషన్లు చేయించుకుని నలిగిపోయారు. ఆ తర్వాతే ముందు అవసరమైతే మళ్ళీ పాత స్థితికి తెచ్చుకోగలిగే వైద్యాలు, అవి పనిచెయ్యకపోతేనే మిగతావి అన్న పద్ధతి గట్టిపడింది. 2023 డిసెంబర్‌లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో చాలాకాలంగా ఉన్న దవడ నొప్పికి ఒక గైడ్‌లైన్ వచ్చింది, అందులో గట్టిగా సిఫార్సు చేసినవి చూడండి, నొప్పిని ఎదుర్కోవడం నేర్పే కౌన్సెలింగ్, ఫిజియోథెరపిస్ట్ దగ్గరుండి చేయించే దవడ వ్యాయామాలు, మెడ భుజాల పోశ్చర్ వ్యాయామాలు, కండరాల్లో నొప్పి ముడులని చేత్తో నొక్కి వదులు చెయ్యడం, ఇంట్లో చేసుకునే వ్యాయామాలు, భరోసా. పళ్ళ అమరికని శాశ్వతంగా మార్చేసే స్ప్లింట్లు (పళ్ళకి తొడిగే తొడుగులు), డిస్క్ తీసేసే ఆపరేషన్ వద్దని అంతే గట్టిగా చెప్పారు. మీ పేజీలో ఇచ్చిన జవాబు దీనికి పూర్తిగా ఎదురుగా ఉంది కదా.

నాకు ఆ డాక్టరమ్మ గారు మొదట చెప్పింది ఇంట్లో చేసుకునేవే, అవే రాస్తున్నా ఎందుకంటే మాత్రలు తప్ప మిగతావాటి వల్ల ఎవరికీ నష్టం లేదు. మింగేటప్పుడు, నమిలేటప్పుడు తప్ప రోజులో మిగతా టైమంతా పైపళ్ళు కిందపళ్ళు ఒకదానికొకటి తగలకూడదు. పెదాలు కలిసి ఉండాలి, పళ్ళు విడిగా ఉండాలి, నాలుక కొన పై ముందుపళ్ళ వెనక అంగిటికి తేలిగ్గా ఆని ఉండాలి. ఇప్పుడు ఇది చదువుతూ ఒకసారి చూసుకోండి, ఎంతమంది పళ్ళు బిగించి కూర్చున్నారో తెలుస్తుంది. నేనైతే పేపర్లు దిద్దేటప్పుడు, ఫోన్ చూసేటప్పుడు బిగిస్తానని అప్పటిదాకా నాకే తెలీదు, టేబుల్ మీద, ఫోన్ వెనక చిన్న రంగు స్టిక్కర్ అంటించి అది కంటపడినప్పుడల్లా దవడ వదులు చేసుకోమన్నారు, వినడానికి ఇంతేనా అనిపిస్తుంది గానీ నాకు అన్నిటికన్నా ఎక్కువ పనిచేసింది ఇదే.

నొప్పి ఎక్కువున్న రోజుల్లో మెత్తటి తిండి చిన్న చిన్న ముద్దలుగా రెండు వైపులా నమలాలి, చూయింగ్ గమ్ మానెయ్యాలి, గోళ్ళు పెన్నులు కొరకకూడదు, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని కూర్చోకూడదు, ఫోన్ చెవికీ భుజానికీ మధ్య ఇరికించి మాట్లాడకూడదు. ఆవలింత వచ్చినప్పుడు గడ్డం కింద పిడికిలి ఆనించి నోరు మరీ పెద్దగా తెరుచుకోకుండా ఆపుకోవాలి. తడిగుడ్డతో వేడి కాపడం పదిహేను ఇరవై నిమిషాలు బుగ్గకీ కణతకీ పెడితే కండరం సడలుతుంది, కొత్తగా దెబ్బ తగిలి వాస్తే మాత్రం చల్లటిది పెట్టాలి. నొప్పి మాత్రలు కొన్నాళ్ళు వాడొచ్చు, కానీ కడుపులో పుండు, కిడ్నీ సమస్య, గుండె జబ్బు ఉన్నవాళ్ళు, రక్తం పల్చబడే మందులు వాడేవాళ్ళు, గర్భిణులు డాక్టర్‌ని అడక్కుండా వేసుకోకూడదు. దవడ టక్కుమంటుందో లేదో అని పదే పదే తెరిచి చూసుకోవడం కూడా మానాలి, మనకి తెలీకుండా దాన్ని రోజూ గెలుకుతూనే ఉంటాం.

రాత్రి పళ్ళకి తొడుక్కునే నైట్ గార్డ్ గురించి కూడా సరిగ్గా చెప్పాలి. అది పళ్ళు అరిగిపోకుండా కాపాడుతుంది, కొంతమందికి నొప్పి కూడా తగ్గుతుంది, కానీ పళ్ళు కొరికే అలవాటుని మాన్పించదు, పైన చెప్పిన గైడ్‌లైన్ కూడా నొప్పి కోసం దాన్ని అంతగా నమ్ముకోవద్దనే అంది. వేయించుకుంటే మాత్రం పళ్ళ అచ్చు తీసుకుని చేసినది, వరసలో పళ్ళన్నిటినీ కప్పేది అయి ఉండాలి, డెంటిస్ట్ రంగు కాయితం కొరికించి ఎక్కడ ఎత్తుగా తగులుతోందో చూసి దాన్ని, అంటే గార్డ్‌ని మాత్రమే, సరిచెయ్యాలి, మధ్యమధ్యలో మళ్ళీ పిలిచి చూడాలి. ముందుపళ్ళకి మాత్రమే తగిలించే చిన్న గార్డులు చాలాకాలం వాడితే పళ్ళు కదిలి బైటే మారిపోవచ్చు. ఆన్‌లైన్‌లో కొని వేడినీళ్ళలో ముంచి కొరికి పెట్టుకునేవి నొప్పి ఉన్నవాళ్ళు సొంతంగా మొదలెట్టకపోవడమే మంచిది. గార్డ్ పెట్టుకున్నాక నొప్పి పెరిగినా, పొద్దున పళ్ళు కలవనట్టు అనిపించి అది అలాగే ఉండిపోతున్నా వెంటనే వెళ్ళి చూపించుకోవాలి. గట్టిగా గురక పెట్టి మధ్యలో ఊపిరాగినట్టు అయ్యేవాళ్ళు పళ్ళు కొరుకుతుంటే నిద్ర డాక్టర్‌కి కూడా చూపించుకోవాలి, మానసిక సమస్యలకి వాడే కొన్ని మందుల వల్ల కూడా పళ్ళు బిగించడం మొదలవుతుంది, ఆ మందులు సొంతంగా ఆపకుండా రాసిన డాక్టర్‌కి చెప్పాలి.

దవడ నొప్పి ఉన్నవాళ్ళకి పుచ్చుపళ్ళు రావా, వస్తాయి కదా. అప్పుడు నోరు తెరవాలంటే భయపడి డెంటిస్ట్ దగ్గరికే వెళ్ళడం మానేసేవాళ్ళు చాలామంది, దాంతో పన్ను ఇంకా పాడై చివరికి ఇంకా ఎక్కువసేపు నోరు తెరవాల్సొచ్చే వైద్యం పడుతుంది. అందుకే అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే నాకు దవడ కీలు నొప్పి ఉంది అని చెప్పాలి. ఒకేసారి గంటల తరబడి కాకుండా పని చిన్న చిన్న సిట్టింగులుగా చెయ్యమని, ఐదు పది నిమిషాలకోసారి ముయ్యనివ్వమని అడగాలి, చెయ్యి ఎత్తితే ఆపాలి అని ముందే మాట అనుకోవాలి. పళ్ళ మధ్య పెట్టే రబ్బరు దిమ్మ ఒకటి ఉంటుంది, అది పెడితే నోరు మన బలంతో తెరిచి పట్టుకోనక్కర్లేదు, కండరానికి కొంత తేలిక, చిన్న సైజుది పెట్టమనాలి. కింది జ్ఞానదంతం తీయించుకున్నాకో, కింది దవడకి మత్తు ఇంజెక్షన్ చేయించుకున్నాకో కొన్ని రోజులు నోరు సరిగ్గా తెరుచుకోకపోవడం కొందరికి జరుగుతుంది, కాపడం, మెల్లగా తెరిచి మూసే వ్యాయామంతో అది ఎక్కువమందికి దానంతటదే తగ్గుతుంది, రోజురోజుకీ బిగుస్తున్నా జ్వరం వాపు ఉన్నా మాత్రం ఆగకూడదు. ఇవన్నీ అడిగితే డాక్టర్ ఏమనుకుంటారో అని మొహమాటపడేవాళ్ళని నేను చూస్తూనే ఉంటాను. నా దవడ నాది, అడిగే హక్కు ఉంది, మంచి డాక్టర్ ఎవరూ ఏమీ అనుకోరు.

కండరాన్ని సడలించే బోటాక్స్ ఇంజెక్షన్లు, కీలులోకి సూది పెట్టి కడగడం, కీలు మార్చే ఆపరేషన్ ఇవన్నీ ఉన్నాయి. కొద్దిమందికి నిజంగా అవసరం పడతాయి కూడా, కీలు అరిగిపోయి నోరు తెరుచుకోనివాళ్ళు, దెబ్బలు తగిలినవాళ్ళు ఉంటారు. వాళ్ళ సంగతి ఓరల్ సర్జన్ చూడాలి, పేపర్లో ప్రశ్న జవాబుతో తేలేది కాదు.

నేను మీ పాఠకుల్ని కోరేది ఒక్కటే, నొప్పి కోసం పళ్ళు అరగదీస్తామన్నా, నోరంతా క్యాపులు అన్నా, క్లిప్పులు పెడితే నొప్పి పోతుందన్నా, డాక్టర్ గారూ ఇది చేశాక నచ్చకపోతే మళ్ళీ ముందులా చెయ్యగలరా అని అడగండి. చెయ్యలేము అంటే ఆ రోజు ఒప్పుకోకుండా ఇంకో డాక్టర్ అభిప్రాయం తీసుకోండి. పన్ను పుచ్చి క్యాప్ వేస్తే అది వేరు సంగతి, అది పన్ను కోసం, దాన్ని వద్దనకండి.

ఎడిటర్ గారూ, మిమ్మల్ని అడిగేది, ఆ జవాబు మీద ఒక సవరణ వెయ్యండి. వేసేటప్పుడు నోటి సర్జన్‌నో, నోటి నొప్పుల మీద పనిచేసే డెంటిస్ట్‌నో, ఒక ఫిజియోథెరపిస్ట్‌నో కలిపి రాయించండి. పక్కన ఒక బాక్స్ కట్టి ఈ కిందివి తప్పకుండా ఇవ్వండి, ఎందుకంటే ఇవి దవడ కీలు నొప్పిలా కనిపించినా కీలువి కాకపోవచ్చు, ఆలస్యం చేస్తే ప్రమాదం. నడిచినా మెట్లెక్కినా దవడ లాగుతూ, చెమటలు, ఆయాసం, ఛాతీలో బరువు ఉంటే అది గుండె కావచ్చు, వెంటనే ఆస్పత్రికి వెళ్ళాలి. యాభై దాటినవాళ్ళకి కొత్తగా కణత నొప్పి మొదలై, నమిలేకొద్దీ దవడ పీకుతూ ఆపితే తగ్గుతూ, చూపు మసకబారితే అది రక్తనాళాల వాపు కావచ్చు, చూపు పోయే ప్రమాదం ఉంది, ఆ రోజే డాక్టర్‌ని కలవాలి. మొహం ఒక పక్క మొద్దుబారినా, మెడలోనో దవడ కిందో గడ్డ తగిలినా, నోట్లో పుండు మూడు వారాలైనా మానకపోయినా, నోరు తెరుచుకోవడం తగ్గుతూ పోతున్నా చూపించుకోవాలి. నోరు తెరిచింది తెరిచినట్టే ఉండిపోయి మూతపడకపోతే ఇంట్లోవాళ్ళు బలంగా మూయడానికి చూడకూడదు, ఎమర్జెన్సీకి తీసుకెళ్ళాలి.

ప్రశ్న పంపిన ఆవిడ ఇంకా ఏ వైద్యం మొదలుపెట్టకపోతే ఈ ఉత్తరం ఆవిడ కంట పడేలా వీలైనంత తొందరగా వెయ్యమని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు, టీచర్